బర్రో చేతికి వచ్చిన ఆట

2018లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో అలబామా చేతిలో 29–0తో ఓడింది. ఏడాది తిరిగేసరికి అలబామా సొంత ఊరు టస్కలూసాకు వెళ్లి అదే అలబామాను 46–41తో ఓడించింది. రెండు ఆటల్లోనూ క్వార్టర్‌బ్యాక్ జో బర్రోయే. మారింది జట్టు అఫెన్స్, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే పద్ధతి. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల్లో శనివారం వస్తే కాలేజీ జెర్సీ వేసుకుని స్టేడియానికి పరుగెత్తేవాళ్లున్నారు. వాళ్ల నోట వినిపించే మాటలను ఆ ఒక్క సీజన్‌ను పట్టుకుని విప్పి చూద్దాం.

క్వార్టర్‌బ్యాక్: జట్టుకు పదకొండు మంది. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలుంటాయి, వాటినే డౌన్లు అంటారు. ప్రతి డౌన్‌లోనూ ముందు వరుస మధ్యలో ఉండే సెంటర్ తన కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి పంపుతాడు. అదే స్నాప్. ఆ బంతిని అందుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. పరుగెత్తేవాడి చేతిలో పెట్టాలా, ఎవరికైనా విసరాలా, తానే పట్టుకుని పరుగెత్తాలా అన్నది రెండు మూడు క్షణాల్లోనే తేలిపోవాలి. ఎల్‌ఎస్‌యూ ఏళ్ల తరబడి డిఫెన్స్‌నూ పరుగునూ నమ్ముకున్న జట్టు. అక్కడ క్వార్టర్‌బ్యాక్ తప్పు చేయకుండా ఉంటే చాలనుకునేవారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పెద్దగా అవకాశం దొరక్క 2018లో ఇక్కడికి వచ్చిన బర్రో ఆ ఏడాది విసిరిన టచ్‌డౌన్ పాస్‌లు, అంటే బంతిని గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చినవి, 16.

స్ప్రెడ్: 2019 ఆరంభంలో హెడ్ కోచ్ ఎడ్ ఓర్జెరాన్, న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో సహాయకుడిగా ఉన్న 29 ఏళ్ల జో బ్రేడీని రప్పించాడు. స్టీవ్ ఎన్స్‌మింగర్ అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గానే కొనసాగాడు. ఇద్దరూ కలిసి, విసిరిన బంతిని అందుకునే రిసీవర్లను మైదానం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచారు. వాళ్లను కాపలా కాయడానికి ఎదుటి జట్టు కూడా విడిపోక తప్పదు. విడిపోతే మధ్యలో ఖాళీలు పడతాయి. ఆ ఖాళీ ఎక్కడ పడిందో కనిపెట్టే కన్ను లేకపోతే ఈ ఏర్పాటంతా వృథా.

ఎంప్టీ: ఈ అఫెన్స్ గుండెకాయ ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. మామూలుగా క్వార్టర్‌బ్యాక్ పక్కన ఒక రన్నింగ్ బ్యాక్, అంటే బంతితో పరుగెత్తేవాడు, నిలబడతాడు. అవసరమైతే మీదికి వచ్చేవాణ్ని అడ్డుకునేది అతనే. ఎల్‌ఎస్‌యూ చాలాసార్లు అతన్ని కూడా అక్కడి నుంచి తీసేసి, ఐదో రిసీవర్‌గా పక్కకు పంపేది. ఇక మిగిలేది ముందు వరుసలో ఐదుగురు లైన్‌మెన్, వాళ్ల వెనక ఒంటరిగా బర్రో. లెక్క సులువు: ఎదుటివాళ్లు ఆరుగురిని మీదికి పంపితే, ఒకణ్ని ఆపడానికి మనిషే లేడు. ఆ ఆరోవాడికి క్వార్టర్‌బ్యాకే జవాబు చెప్పాలి. వాడు ఎటు నుంచి వస్తాడో స్నాప్‌కు ముందే పసిగట్టి, వాడు ఖాళీ చేసిన చోటికి బంతి పంపించేయాలి. ధైర్యం ఉంటే సరిపోదు, అర సెకను ముందే ఆలోచన పూర్తై ఉండాలి. అది చేయలేనివాడి పక్కన స్థలాన్ని ఖాళీ చేయడం అతన్ని బలి ఇవ్వడమే. కోచ్‌లు బర్రోను ఎంతగా నమ్మారో చెప్పడానికి ఈ ఒక్క అమరిక చాలు.

ప్రీ-స్నాప్ రీడ్: బౌలర్ చేతిలో బంతి పట్టును చూసి అది ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టే బ్యాట్స్‌మన్ చేసే పని లాంటిదే ఇది. డిఫెన్స్ ఎలా నిలబడిందో, ఎవడు ఒక అడుగు ముందుకు జరిగాడో చూసి, అవసరమైతే ముందనుకున్న ఎత్తుగడనే (ప్లేనే) మార్చేయాలి. అప్పట్లో కాలేజీ ఆటలో హెల్మెట్‌లో రేడియో లేదు, 2024లోగానీ రాలేదు. బయటి నుంచి వచ్చేవి చేతి సైగలే. వాటిని అందుకుని, తోటివాళ్లకు అందించి, మళ్లీ ఎదుటివాళ్లను చదవాలి. బర్రో తండ్రి జిమ్మీ ఒహాయో యూనివర్సిటీలో ఏళ్లపాటు డిఫెన్స్ కోచ్. ఆ ఇంట్లో పెరిగినవాడికి డిఫెన్స్ ఎత్తులు కొత్త కావు.

ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్): ఒకే ప్లేలో పరుగూ ఉంటుంది, పాస్ కూడా ఉంటుంది. ఎదుటి జట్టులో ఒకణ్ని అడ్డుకోకుండా వదిలేసి, వాణ్నే గమనిస్తాడు క్వార్టర్‌బ్యాక్. వాడు పరుగును ఆపడానికి ముందుకొస్తే వాడి వెనక్కి విసురుతాడు, రాకపోతే బంతిని రన్నింగ్ బ్యాక్‌కు ఇచ్చేస్తాడు.

పాకెట్: విసిరేవాడి చుట్టూ లైన్‌మెన్ కట్టే రక్షణ గూడు. అది కూలుతున్నప్పుడు ఏం చేస్తాడన్నదే అసలు పరీక్ష. 2019 సెప్టెంబరు 7న ఆస్టిన్‌లో టెక్సస్‌తో ఆట. ఎల్‌ఎస్‌యూ 37–31 ఆధిక్యంలో ఉంది, రెండున్నర నిమిషాలే మిగిలాయి. మూడో డౌన్, కావలసింది 17 గజాలు. పాత ఎల్‌ఎస్‌యూ అయితే ఒక పరుగు తీసి గడియారాన్ని కరిగించి, బంతిని దూరంగా తన్నేసి డిఫెన్స్ మీద భారం వేసేదని నా నమ్మకం. ఇక్కడ పాస్‌కే పూనుకున్నారు. టెక్సస్ బ్లిట్జ్‌కు దిగింది, అంటే మామూలుకన్నా ఎక్కువ మందిని మీదికి పంపింది. మీదికి దూసుకొచ్చేవాళ్ల మధ్య నుంచి బర్రో ముందుకు అడుగేసి, పక్కకు జరుగుతూనే జస్టిన్ జెఫర్సన్‌కు విసిరాడు. 61 గజాల టచ్‌డౌన్. ఆట 45–38తో ముగిసింది. కొత్త అఫెన్స్ కాగితం మీది నుంచి మైదానంలోకి దిగింది ఆ రాత్రే.

రిసీవర్లు, లైన్: బర్రో ఒక్కడే అంతా చేశాడంటే అన్యాయం. జమార్ చేజ్ 20 టచ్‌డౌన్లు, జెఫర్సన్ 18 టచ్‌డౌన్లు అందుకున్నారు. రన్నింగ్ బ్యాక్ క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్ 1,414 గజాలు పరుగెత్తాడు. ఆ ఏటి ఉత్తమ లైన్‌కు ఇచ్చే జో మూర్ అవార్డు కూడా వాళ్లదే. అయినా ఆ వనరులన్నీ ప్రతి డౌన్‌లోనూ ఒక్కడి చూపు మీదే ఆధారపడ్డాయి. బర్రో 60 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి అప్పటి రికార్డు సృష్టించాడు. వందకు 76 పాస్‌లు గురి తప్పకుండా చేరాయి, ఎదుటివాళ్ల చేతికి చిక్కినవి ఆరే. ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే. 2020 జనవరి 13న న్యూ ఆర్లీన్స్‌లో క్లెమ్సన్‌ను 42–25తో ఓడించి జట్టు 15–0తో జాతీయ చాంపియన్ అయింది.

సిస్టమ్: పద్ధతి గొప్పదా, మనిషి గొప్పవాడా అన్న వాదన ఈ మాట దగ్గరే మొదలవుతుంది. ఆ సీజన్ ముగియగానే బ్రేడీ ప్రొఫెషనల్ జట్టు కరొలైనా పాంథర్స్‌కు వెళ్లాడు. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో బర్రోను సిన్సినాటి బెంగాల్స్ మొదటి ఎంపికగా తీసుకుంది. ఆ డ్రాఫ్ట్‌లో ఎల్‌ఎస్‌యూ నుంచి మొత్తం 14 మంది వెళ్లారు, కాబట్టి తర్వాత జరిగినదంతా క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో వేయలేం. అయినా ఆ అఫెన్స్‌నే కొనసాగించాలని ఎల్‌ఎస్‌యూ గట్టిగానే ప్రయత్నించింది. బర్రో స్థానంలోకి వచ్చిన మైల్స్ బ్రెనన్ మూడు ఆటల తర్వాత గాయపడ్డాడు. మిగిలిన భారం ఇద్దరు ఫ్రెష్‌మన్ల, అంటే మొదటి ఏడాది విద్యార్థుల, మీద పడింది. 2020లో ఎల్‌ఎస్‌యూ ఐదు గెలిచి ఐదు ఓడింది.