గృహహింస: గుర్తించడం ఎలా, స్పందించడం ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. గోల్ బజార్ వంటి రద్దీ ప్రాంతాల్లో ఒక ఇంట్లోని కేక పక్క ఇంటికి వినబడుతుంది. అయినా అది “వాళ్ల ఇంటి వ్యవహారం”గానే మిగిలిపోతుంది. తెలుగునాట నుంచి కోడలిగా వచ్చిన, హిందీ అంతగా రాని మహిళకు ఎవరితో చెప్పుకోవాలి, ఏ ఊళ్లో ఫిర్యాదు చేయాలి అన్నవే తొలి సందేహాలు. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, శారీరక లేదా లైంగిక హింసకు గురైన మహిళల్లో సాయం కోరినవారు 14 శాతం మాత్రమే.

ఏది హింస?

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో రూపొంది, 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. కొట్టడం ఒక్కటే హింస కాదని ఆ చట్టం స్పష్టం చేసింది. లైంగిక వేధింపు, దూషణ, సంతానం లేదని అవమానించడం, ఇంటి ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం, స్త్రీధనాన్ని లాక్కోవడం కూడా హింసే. భార్యలతోపాటు అదే ఇంట్లో నివసించే తల్లి, అక్కచెల్లెళ్లు, కుమార్తెలు, వితంతువులు కూడా రక్షణ కోరవచ్చు.

ఏ ఊళ్లో ఫిర్యాదు చేయాలి?

బాధితురాలు శాశ్వతంగా గాని, తాత్కాలికంగా గాని నివసిస్తున్న చోట మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చని ఈ చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. అంటే బిలాస్‌పూర్‌లోనైనా, పుట్టింటికి చేరుకున్నాక అక్కడైనా దరఖాస్తు చేయవచ్చు. క్రూరత్వం కింద పెట్టే క్రిమినల్ కేసును సైతం ఆమె ఆశ్రయం పొందిన ఊళ్లో నమోదు చేయవచ్చని 2019 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

భర్త ఉద్యోగం పోతుందేమో!

జీతం మీదే బతికే ఇళ్లలో మహిళలను మౌనంగా ఉంచేది తరచుగా ఈ భయమే. గృహహింస చట్టం ప్రధానంగా రక్షణ కల్పించే చట్టం. హింస ఆపాలని, ఇంటి నుంచి వెళ్లగొట్టరాదని, పోషణ ఖర్చు చెల్లించాలని మేజిస్ట్రేటు ఆదేశిస్తారు. ఆదేశించిన సొమ్మును భర్త చెల్లించకపోతే, అతని జీతంలో కొంత భాగాన్ని నేరుగా ఆమెకు ఇవ్వాలని యజమాన్యాన్ని ఆదేశించే అధికారం 20వ సెక్షన్ కింద ఉంది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే అది నేరం. అందుకు ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

దరఖాస్తుపై తొలి విచారణ సాధారణంగా మూడు రోజుల్లోపు జరగాలి. పరిస్థితి తీవ్రమైతే మధ్యంతర ఉత్తర్వులూ పొందవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

ఇరుగుపొరుగు ఏం చేయాలి?

హింస జరుగుతోందని నమ్మే కారణం ఉంటే ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై ఎటువంటి బాధ్యతా ఉండదని 4వ సెక్షన్ భరోసా ఇస్తోంది. బాధితురాలు నోరు విప్పినప్పుడు “నువ్వేం చేశావు?” అని అడగక, చెప్పేది పూర్తిగా వినాలి. ఆమెకు తెలియకుండా భర్తను నిలదీయరాదు. దానివల్ల ప్రమాదం పెరగవచ్చు. భాష రానివారికి దుబాసీగా అత్తింటివారిని కాక, ఆమె నమ్మే మనిషిని తోడు పంపాలి.

గాయాలకు వైద్యం చేయించుకుని చీటీలు దాచుకోవడం, సంఘటనల తేదీలను తెలుగులోనే రాసి ఉంచుకోవడం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ వంటివి అందుబాటులో పెట్టుకోవడం తర్వాత ఎంతో ఉపకరిస్తాయి.

వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకే చోట అందించేందుకు ఏర్పడినవే సఖి కేంద్రాలు. దేశంలో మొదటి కేంద్రం 2015లో ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లోనే ప్రారంభమైంది.

గుర్తుంచుకోవలసిన నంబర్లు: తక్షణ ప్రమాదంలో 112, మహిళలకు 181, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100.