చెక్క, కాంక్రీటు కలిసే గీత

పాత ఇంటికి కొత్త గది కలిపితే నేల ఒకవైపు చెక్క పలకలుగా, మరోవైపు కాంక్రీటుగా మిగులుతుంది. చెక్క ఇళ్లు ఎక్కువగా ఉన్న అమెరికాలో ఇది మామూలే. ఆ రెండింటి మీదా ఒకే వరసలో టైల్స్ పరిస్తే, కొన్నాళ్లకు సరిగ్గా అవి కలిసిన గీత వెంబడే పగులు తేలుతుంది. నెపం టైలు మీదికో తాపీ మేస్త్రీ మీదికో పోతుంది. ఈ పని చరిత్రను చూస్తే తప్పు వేరేచోట కనిపిస్తుంది. ఎంత గట్టిగా అతికించాలన్నది ఈ వృత్తికి ఎప్పుడూ పెద్ద చిక్కు కాలేదు. ఎక్కడ అతికించకూడదో తెలుసుకోవడానికే రెండు వేల ఏళ్లు పట్టింది.

క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథం 7వ సంపుటంలో మేడ మీది నేలల గురించి రాశాడు. కింది అంతస్తు అడ్డగోడను పై నేలకు తగిలేలా లేపవద్దన్నది ఆయన హెచ్చరిక. పలకలు ఎండి వంగుతాయి, బరువుకు కుంగుతాయి. గోడ మాత్రం కదలదు. అప్పుడు గోడకు కుడి ఎడమల నేల చీలుతుంది. తేమకు వేరువేరుగా స్పందించే రెండు రకాల ఓక్ పలకలను కలపవద్దనీ చెప్పాడు. పలకల మీద గడ్డి పరిచి, పిడికెడంత రాళ్లు పేర్చి, ఆపైన సున్నపు కాంక్రీటు దిమ్మిస కొట్టి, పెంకుల పొడీ సున్నమూ కలిపిన పొర వేశాకే రాతిముక్కలు పొదగమన్నాడు. ఆ గడ్డి సున్నం నుంచి చెక్కను కాపాడటానికే తప్ప పొరలను విడదీయడానికి కాదని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఆయన చెప్పిన కారణం అదే. కానీ గోడ గురించి చెప్పిన మాటలో సందిగ్ధం లేదు: కుంగేదీ కుంగనిదీ ఒకే నేలను మోయకూడదు.

మన కోస్తా జిల్లాల పాత బంగళాల్లోని మద్రాసు టెర్రస్ అనే మేడ నేల ఈ వాదనకు ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది. టేకు వాసాల మీద పలుచని ఇటుకలను ఏటవాలు వరసల్లో సున్నంతో నిలబెట్టి, దానిపై ఇటుక ముక్కల కాంక్రీటు కొట్టి, పైన పెంకులు పరిచేవారు. చెక్కకూ ఇటుకకూ మధ్య ఏ పొరా లేదు, అయినా అవి తరాలపాటు నిలిచాయి. అందుకు రెండు కారణాలు. మొత్తం నేల ఒకే జాతి ఆధారం మీద ఉంటుంది కాబట్టి కుంగినా కలిసే కుంగుతుంది. ఇక గానుగ సున్నం సిమెంటులా బిర్రబిగుసుకోదు. చిన్న కదలికను తనలో ఇముడ్చుకుంటుంది.

అమెరికా మేస్త్రీలకు సున్నం స్థానంలో సిమెంటు వచ్చింది. అందుకే పలకల మీద తారు కాగితం పరిచి, తీగల వల వేసి, అంగుళంపావు మందాన ఇసుక-సిమెంటు పోసేవారు. టైల్స్ మోసే ఆ పొర చెక్కకు అతుక్కోదు. కానీ బరువెక్కువ. 1956లో హెన్రీ రోత్‌బర్గ్ స్థాపించిన లాటిక్రీట్ వంటి సంస్థల లేటెక్స్ మిశ్రమాలతో టైలు అతికించడానికి పలుచని పూతే చాలింది. ఇంత గట్టి జిగురు ఉండగా విడదీయడం ఎందుకన్న ప్రశ్న అప్పుడు సహజమే. కానీ జిగురు బలపడితే చెక్క కదలిక అంతా టైలుకే చేరుతుంది. ఆ సంగతి గ్రహించే, 1987లో జర్మనీకి చెందిన ష్లూటర్ సంస్థ టైలుకూ నేలకూ నడుమ పరిచే ప్లాస్టిక్ పొరను తెచ్చింది.

అయితే ఆ పొర పక్కలకు జరిగే కదలికను ఓర్చుకుంటుంది, కిందికి దిగేదాన్ని ఆపలేదు. టైల్స్ కింది చెక్క నేల తన పొడవులో 360వ వంతుకు మించి వంగకూడదన్నది అమెరికాలో వాడుకలో ఉన్న హద్దు. ఆ లెక్కన 12 అడుగుల దూలం దాదాపు ఒక సెంటీమీటరు వంగవచ్చు. పక్కనున్న కాంక్రీటు నేరుగా మట్టి మీద ఉంది, అసలు వంగదు. కాబట్టి కింది అతుకును టైల్స్‌లోకీ తీసుకొచ్చి, ఆ సందులో సాగే సీలెంటు నింపాలి. గది మధ్య గీత చూడటానికి బాగుండదన్న అభ్యంతరం న్యాయమైనదే. వీలైతే అతుకును గుమ్మం కిందికి చేర్చవచ్చు. గీత మాత్రం తప్పదు. మేస్త్రీ గీస్తే తిన్నగా ఉంటుంది, చెక్క గీస్తే వంకరపోతుంది.