చెఱువు గర్భమున వెలసిన పేట

ఉగాదికి కొత్తబట్టలు కావలెనన్న చెన్నపట్టణపు తెలుగువారు తోవ అడుగరు. అందరి కాళ్లును టి. నగరుకే పోవును. కాని ఆ 'టి' ఎవరిదని మన పిల్లల నడిగి చూడుడు. మా మనుమడొకడు "అక్కడ టీ బాగుంటుందా తాతయ్యా?" అని మమ్మే అడిగినాడు! తప్పు వానిది కాదు. నిండుపేరును ఒక్క అక్షరమునకు కుదించి పలికినది మనమే.

అది త్యాగరాయనగరము. సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు (1852–1925) మన భాషవారు, దేవాంగులు, నేత పరిశ్రమ నడిపినవారు. 1920లో మద్రాసు నగరసభకు అధ్యక్షులైరి. ఒక నేతగాని పేర నేడు దక్షిణదేశపు పట్టుచీరల సంత సాగుచుండుట వింతయే గదా.

నూరేండ్ల క్రిందట అక్కడ పేట లేదు, నీరున్నది. నుంగంబాకము నుండి సైదాపేట వైపు సాగిన పెద్ద చెఱువును దొరలు 'లాంగ్ టాంకు' అనిరి. తూర్పుగట్టున మౌంటు రోడ్డు, పడమట మాంబళము పల్లె. ఊరు పెరుగుచుండెను, 1920లో పట్టణ నిర్మాణ చట్టము వచ్చినది, 1923 ప్రాంతమున చెఱువును పూడ్చి కొత్తపేటను కట్టసాగిరి. అప్పుడు రాజధానికి ప్రధానమంత్రి శ్రీకాళహస్తిలో పుట్టిన పానగంటి రామరాయణింగారు, అనగా పానగల్లు రాజా.

పేట రూపము చక్కనిది. నడుమ ఉద్యానవనము, దాని చుట్టునుండి విశాలమైన బాటలు. ఆ తోటకు పానగల్లు రాజా పేరు, బాటలకు ఉస్మాన్, గోపతి నారాయణస్వామి చెట్టి మున్నగువారి పేర్లు పెట్టిరి. ఇండ్లకు పెద్ద పెరళ్లు, పిల్లలకు బడులు, ఆటస్థలము, వృద్ధులకు నటేశన్ పార్కు. అంగళ్లు కూడ కావలసినవే, కాని అవి పేటలోని వారి ఉప్పు పప్పులకు మాత్రమే. అంగడి కొఱకు పేట కాదు, పేట కొఱకు అంగడి.

ఆ లెక్కను తలక్రిందులు చేసినది రైలు. 1931లో బీచి నుండి తాంబరమునకు కరెంటు రైలు వచ్చినది. మాంబళము స్టేషనులో దిగినవాడు ఉస్మాన్ రోడ్డు చేరవలెనన్న రంగనాథన్ వీధిలో నడువక తప్పదు. అది కాపురముల వీధి. నడచువారు పెరుగగా ముందు అరుగుమీద ఒక బుట్ట, పిమ్మట వసారాలో ఒక కొట్టు, తుదకు ఇల్లే అంగడి. ఇప్పుడు పండుగ దినములలో అక్కడ మనము నడువము. జనమే మనలను నడిపించును. పాండీ బజారు కథ వేఱు. అది పాండిచ్చేరి సరకుల బజారని మేమును చాలకాలము నమ్మితిమి. అది సౌందరపాండ్య నాడారుగారి పేరట.

అంగళ్ల నడుమ మనవారి కళయు నిలిచినది. చిత్తూరు నాగయ్యగారు వాణీమహలును నెలకొల్పిరి. ఘంటసాలవారు ఉస్మాన్ రోడ్డులో, సావిత్రి హబీబుల్లా రోడ్డులో కాపురముండిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడిన తరువాతను, తిరుపతి యాత్రికుల బస్సులు రామారావుగారిని చూచుటకు బజుల్లా రోడ్డుకు వచ్చుచుండెడివి. వేంకటేశ్వరుని దర్శనమైన పిదప ఈయన దర్శనము!

సౌకర్యములను తిరిగి నిలుపు యత్నములు లేకపోలేదు. 2019లో పాండీ బజారులో నడకదారులను వెడల్పు చేసిరి. 2023లో స్టేషను నుండి బస్సు నిలయము వరకు ఆకాశవంతెన వేసిరి. మెట్రో పనులకై పానగల్లు తోటలో కొంత భాగము పోయినది. నీరు మాత్రము తన చోటు మఱువలేదు. 2021 నవంబరు వానలకు వీధులు మడుగులైనప్పుడు అందరును కాలువలను తిట్టిరి. కాలువల దోషము లేదనము. కాని క్రింద నున్నది చెఱువు గర్భము గదా.

మొన్న బట్టలు కొన్న పిదప మనుమని వెంటబెట్టుకొని బాటల పేర్లన్నియు చదివించితిమి. చదివి చదివి వాడు "ఇంతమందికి వీధులున్నవి, చెఱువుకు లేదా?" అన్నాడు. రైలుపట్టాలు దాటి పడమటి మాంబళము పోయి వానికి 'లేక్ వ్యూ రోడ్డు' అను పలకను చూపితిమి. వాడు అటు నిటు చూచి, "ఏది తాతయ్యా లేకు?" అన్నాడు.