పఠన మందిరంలో కంప్యూటరు కుర్చీ

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. మూడేళ్లకు, 1904లో, హన్మకొండలో శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలసింది. ఆ మరుసటి ఏడాది సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చింది. ఈ మూడు తేదీలను మన గ్రంథాలయ చరిత్ర రాసేవాళ్లందరూ చెబుతారు. ఆనాటి పెద్దలు నిజంగా కనిపెట్టిందేమిటో మాత్రం తక్కువమంది చెబుతారు. పుస్తకం అంతకుముందే ఉంది, దొరల గడీల్లో, వకీళ్ల ఇళ్లలో, పండితుల అటకల మీద. వాళ్లు చేసిన కొత్త పని ఒక గది తెరిచి, అందులో బల్ల వేసి, కలిగినవాడి ఇంట్లో ఉన్న వస్తువును లేనివాడి ముందు పెట్టడం. రాజభాష ఉర్దూ, తెలుగు బడులు అరుదు, తెలుగు పత్రిక ఊరికొకటి రావడమే గగనమైన కాలమది. అలాంటప్పుడు చందాలు వేసుకుని ఒక పత్రిక తెప్పించి నలుగురి మధ్య విప్పడమే పెద్ద ప్రజాకార్యం. హన్మకొండ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకుని వచ్చే హసన్‌పర్తి వంటి ఊళ్లలో చదువు మీద పుట్టిన ఆసక్తికి ఆ గది ఒక దన్ను. ఇక్కడ నేను వాదించదలచింది ఒక్కటే: ఇవాళ గ్రంథాలయంలో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు పెట్టడం కొత్త హంగు కాదు, 1904 నాటి పనికే కొనసాగింపు. కాబట్టి దాని నియమాలను కూడా ఆ చరిత్ర నుంచే తీసుకోవాలి.

ఆ చరిత్రలో మొదటి పాఠం అనుమానం గురించినది. నిజాం పాలనలో గ్రంథాలయం పెట్టాలన్నా, సభ జరపాలన్నా పై నుంచి అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు మామూలు సభలను కూడా సర్కారు గుప్పిట్లో పెట్టింది. ఎవరు ఏం చదువుతున్నారో తెలుసుకోవాలన్న ఆత్రం ఏలికకు ఉన్నప్పుడు, చదివేవాడు తలుపు దగ్గరే ఆగిపోతాడు. అయినా గ్రంథాలయాలు నిలిచాయి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగాడు. రెండో పాఠం సాయం గురించినది. చదువు రానివాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లలో పత్రిక వచ్చీరాగానే పట్టుకుని ఎవరో ఒకరు పైకి చదివేవారు, చుట్టూ కూర్చున్నవాళ్లు వినేవారు. అక్షరం రానివాడిని బయటకు పంపి, నేర్చుకుని రమ్మనలేదు. కంప్యూటరు విషయంలో మనం తేల్చుకోవలసినవన్నీ ఈ రెండింట్లోనే ఉన్నాయని నా నమ్మకం: చదువరిని నిఘాకు అప్పగించకపోవడం, చేతకానివాడి పక్కన ఒక మనిషిని నిలబెట్టడం.

ఇప్పుడు అవసరం వైపు చూద్దాం. డిగ్రీలో చేరాలంటే 2016 నుంచి చాలావరకు దోస్త్ పోర్టల్ ద్వారానే దరఖాస్తు. ఇంజనీరింగుకు వెబ్ ఆప్షన్లు, గ్రూప్స్‌కు ముందుగా వన్‌టైమ్ రిజిస్ట్రేషన్, హాల్‌టికెట్ డౌన్‌లోడ్. భూమి వివరాలు 2020 అక్టోబరు నుంచి ధరణిలో, 2025 నుంచి భూభారతిలో. పింఛను, స్కాలర్‌షిప్పు, కులం సర్టిఫికెట్, అన్నీ తెర మీదే. ఒకప్పుడు తహశీల్ ఆఫీసు మెట్లెక్కి అడిగినదాన్ని ఇప్పుడు కీబోర్డు ముందు కూర్చుని అడగాలి. అంటే ప్రభుత్వమే పౌరుణ్ణి ఇంటర్నెట్ దగ్గరికి పంపింది. పంపినప్పుడు డబ్బు అడగని కుర్చీ ఒకటి ఊళ్లో చూపించే బాధ్యత కూడా దానిదే. కేరళ హైకోర్టు 2019లో ఒక కాలేజీ హాస్టల్ విద్యార్థిని కేసులో ఇంటర్నెట్ అందుబాటును విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని గుర్తించింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు కశ్మీర్ ఇంటర్నెట్ నిలిపివేత కేసులో, ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు రాజ్యాంగ రక్షణ ఉందని చెప్పింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, అది వాడుకునే చోటు కావాలి.

హసన్‌పర్తి ఈ మాటకు మంచి ఉదాహరణ. ఎర్రగట్టుగుట్ట దగ్గర 1980 నుంచి కాకతీయ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అనంతసాగర్‌లో 2002లో మొదలైన ఎస్సార్ ఇంజనీరింగ్ కాలేజీ 2020లో యూనివర్సిటీ అయింది. ఒక్క మండలంలో ఇన్ని కంప్యూటర్ ల్యాబులు ఉండటం రాష్ట్రంలో చాలా మండలాలకు లేని భాగ్యం. కానీ ఆ ల్యాబు గేటు ఐడీ కార్డు మెడలో వేసుకున్నవాళ్లకే తెరుచుకుంటుంది. అదే రోడ్డు మీద పాసుబుక్కులో తప్పు పడిన రైతు, చదువు మధ్యలో ఆపేసి మళ్లీ రాయాలనుకునే పిల్ల, దుబాయి వెళ్లిన కొడుకు పంపిన కాగితం తెరవాల్సిన తల్లి, వీళ్లెవరికీ ఆ గేటు లేదు. ఊళ్లో కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయన్నది లెక్క కాదు, ఎవరి పేరూ అడగకుండా కూర్చోనిచ్చేవి ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. కాలేజీలను నేను తప్పుపట్టడం లేదు, వాటి పని వేరు. ఆ వెలితి పూడ్చే పని గ్రంథాలయానిది.

అందరి చేతుల్లో ఫోనులుండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న సబబైనదే. వార్తకు, పాటకు, కబురుకు ఫోను చాలు. కానీ ఇరవై కాలేజీలను వరుసలో పెట్టి వెబ్ ఆప్షన్లు ఇవ్వాలన్నా, ఫొటోను, సంతకాన్ని అడిగినన్ని కేబీలకు తగ్గించి ఎక్కించాలన్నా, నాలుగు పేజీల నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని దరఖాస్తు నింపాలన్నా ఆ చిన్న తెర మీద కళ్లు లాగుతాయి, తప్పులు దొర్లుతాయి. అందుకే జనం నెట్ సెంటరుకు వెళ్తున్నారు. అక్కడ కుర్రవాడు చకచకా పని చేసిపెడతాడు, అందులో మేలూ ఉంది. కానీ పాస్‌వర్డు అతనే పెడతాడు, ఒక్కోసారి ఫోను నెంబరూ అతనిదే ఇస్తాడు, ఆప్షన్ల వరుసా అతని నోటి నుంచే వస్తుంది. పిల్ల ఏ కాలేజీలో నాలుగేళ్లు చదవాలో పావుగంటలో ఇంకొకరు తేల్చేస్తున్నారు. గ్రంథాలయంలో కుర్చీ ఉంటే ఆ పిల్ల తన వరుస తానే రాసుకుంటుంది, తెలియనిది పక్కన అడుగుతుంది. తేడా డబ్బులో మాత్రమే లేదు.

ఇక అన్నిటికంటే గట్టి అభ్యంతరం: కంప్యూటరు పెడితే పిల్లలు చెడు చూస్తారు, ఎవడో మోసానికి వాడతాడు, రేపు పోలీసులు లైబ్రేరియన్ని పిలుస్తారు. ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు. 2011లో కేంద్రం సైబర్ కేఫులకు తెచ్చిన నియమాలు ఈ భయం నుంచే పుట్టాయి: గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరు ఏడాదిపాటు దాచాలి, క్యాబిన్ అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. అవి వ్యాపారంగా ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల కోసం రాసినవి. వాటిలో తెర నలుగురికీ కనిపించేలా ఉండాలన్న మాట మంచిది, గ్రంథాలయమూ పాటించవచ్చు. కానీ ఎవరు ఏ పేజీ చూశారో రాసి దాచే పద్ధతి మాత్రం గ్రంథాలయానికి తగదు. రోగం గురించి, విడాకుల గురించి, అధికారి మీద ఫిర్యాదు గురించి వెతికేవాళ్లు ఆ రిజిస్టరు చూసి వెనక్కి తిరుగుతారు. మన జిల్లాలో చదువరిని అనుమానంతో చూసిన కాలం ఎలా ఉండేదో మనకు తెలుసు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాస్తే చాలు.

వడపోత సాఫ్ట్‌వేర్ పెడితే సరిపోతుందని కొందరంటారు. అమెరికా ఈ దారిలో నడిచింది. ఫెడరల్ సాయం తీసుకునే గ్రంథాలయాలు వడపోతలు పెట్టాలని 2000లో చట్టం చేసింది. గ్రంథాలయ సంఘం కోర్టుకెక్కింది. 2003లో అక్కడి సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. పెద్దవాళ్లు అడిగితే ఆ అడ్డు తీసేయవచ్చన్నది ఆ తీర్పుకు ఒక ముఖ్యమైన ఆధారం. అయితే యంత్రం మాటలను చూస్తుందే తప్ప అర్థాన్ని చూడదు. రొమ్ము క్యాన్సర్ గురించి వెతికినా అశ్లీలమని ఆపేసిన వడపోతలున్నాయి. తెలుగు మాటల విషయంలో దాన్ని ఇంకా తక్కువ నమ్మాలి. పిల్లల గదిలో వడపోత పెట్టడాన్ని నేను ఒప్పుకుంటాను. పెద్దల బల్ల దగ్గర మాత్రం తెరిచిన గది, కనిపించే తెర, దగ్గర్లో లైబ్రేరియన్ ఉంటే చాలు.

బాధ్యత అంటే అశ్లీలం చూడకపోవడమేనని మనం కుదించుకున్నాం. అసలు ప్రమాదాలు వేరేచోట ఉన్నాయి. పని అయ్యాక లాగౌట్ చేయకుండా లేచిపోవడం, ఆధార్ కాపీని డెస్క్‌టాప్ మీద వదిలేయడం, ఓటీపీని ఫోనులో ఎవరికో చదివి వినిపించడం, ఉద్యోగం ఇస్తామన్న లింకు నొక్కి డబ్బు కట్టడం. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోను చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం ఉందని ఎంతమందికి తెలుసు? ప్రతి కంప్యూటరు పక్కన అంటించాల్సిన అంకె అది. పుస్తకప్రియులకు ఇంకొకటి. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి వంటివారి చొరవతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. హన్మకొండలో కూర్చుని శతాబ్దం కిందటి ప్రతి తెరవగలుగుతున్నాం. ఇంటర్నెట్ వస్తే పుస్తకం చస్తుందన్న బాధకు ఇంతకంటే జవాబు ఏం చెప్పాలి? కానీ మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకూ హక్కు ఉంటుంది. నిన్నటి నవల పీడీఎఫ్ దించుకుని పంచడం తెలుగు రచయిత నోటి దగ్గరి కూడు లాక్కోవడమే. ఆ సంగతి గట్టిగా చెప్పవలసింది గ్రంథాలయమే.

ఇవన్నీ చెప్పే మనిషి కావాలి, అసలు చిక్కు అక్కడుంది. కంప్యూటరు కొనడానికి నిధులు దొరుకుతాయి, రిబ్బను కత్తిరించడానికి పెద్దలు వస్తారు. పక్కన నిలబడి నేర్పే ఉద్యోగి పోస్టు మాత్రం ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటుంది. ఉన్న ఒక్క లైబ్రేరియనే తాళం తీసి, పేపర్లు సర్ది, పుస్తకాలిచ్చి, మళ్లీ తాళం వేయాలి. ఆయన మీద ఇంకో బరువు మోపడం న్యాయం కాదు. ఇక్కడే ఎర్రగట్టుగుట్ట, అనంతసాగర్ కాలేజీలు పనికొస్తాయి. సెమిస్టరుకు కొద్దిమంది విద్యార్థులు వారానికి రెండు సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని, పత్రిక చదివి వినిపించిన ఆనాటి పని చేయవచ్చు. అయినా ఖాళీ పోస్టు భర్తీ చేయాల్సిందే, విద్యార్థి ఉద్యోగికి బదులు కాడు.

డబ్బు విషయానికొస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1960 గ్రంథాలయ చట్టం నుంచి వస్తున్న ఏర్పాటు ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. స్థానిక సంస్థలు దాన్ని వేళకు జమ చేయక బకాయిలు పేరుకోవడం పాత ఫిర్యాదు. హసన్‌పర్తి ఇప్పుడు గ్రేటర్ వరంగల్‌లో ఉంది, పన్ను కార్పొరేషనుకు కడుతోంది. కట్టిన రసీదు చేతిలో ఉన్నవాళ్లు అందులోని సెస్సు ఎంతో, అది ఎప్పుడు జమ అయిందో లెక్క అడగాలి. ఆ లెక్కతో పాటు ఇంకొకటి కూడా అడగాలి: కూలి నుంచి, పొలం నుంచి, కాలేజీ నుంచి జనం తిరిగొచ్చే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ గది తెరిచి ఉంటుందా అని.