రాతిలో సింహం, మట్టిలో కుందేలు

శ్రీనాథుని పేర చెలామణీ అవుతున్న పలనాటి చాటువు చదువరులకు కొత్తది కాదు. ఆ పద్యాన్ని బట్టి చూస్తే పలనాటి జంతుజాలం రెండే రకాలు: పాములు, తేళ్ళు. మాచర్ల దాటి పడమరగా నడిచే ఓపిక ఆ కవికి లేకపోయి ఉండాలి. నల్లమల అక్కడినుంచే మొదలవుతుంది.

కవులను నమ్మలేమంటే ఊరి పేర్లనూ నమ్మలేము. కృష్ణ ఒడ్డున పులిచింతల అనే పేరు వినగానే పులి కళ్ళముందు మెదలుతుంది. కాని పులిచింత అంటే నేలమీద పాకే ఒక పుల్లని ఆకుకూర కూడా. ఆ పేరులో ఉన్నది మృగమో, పులుపో! మరి ఒకప్పుడు ఈ సీమ అడవుల్లో ఏ మృగాలు తిరిగాయో దేన్నిబట్టి తెలుసుకోవాలి?

శిల్పాలను బట్టి అనే సమాధానం సులువుగా తోస్తుంది. పలనాటి పాలరాతిపై ఇక్ష్వాకుల కాలపు శిల్పులు చెక్కని ప్రాణి లేదు. నాగార్జునకొండ స్తూపఫలకాలలో సింహాలు ఠీవిగా కూర్చుని ఉంటాయి. గురజాల ప్రాంతపు గోలి గ్రామంలో 1926లో ఫ్రెంచి పండితుడు జువో దుబ్రాయ్ వెలికితీసిన ఫలకాలలో ఛద్దంత జాతకముంది, వెస్సంతర జాతకముంది. టి.ఎన్. రామచంద్రన్ 1929లో వాటిపై గ్రంథం వెలువరించారు. ఫలకాలు మదరాసు ప్రదర్శనశాలకు చేరాయి.

అయితే ఛద్దంతుడు ఆరు దంతాల ఏనుగు, కథ ప్రకారం హిమాలయవాసి. ఆ శిల్పాన్ని చూపి పలనాట ఏనుగుల మందలుండేవని వాదిస్తే, ఆరు దంతాలకూ సాక్ష్యం తేవలసి వస్తుంది. ఏనుగు కదలికలు శిల్పికి బాగా తెలుసు, నిజమే. విజయపురి రాజుల గజశాలలో చూసినా అంతే బాగా తెలుస్తుంది కదా! సింహం సంగతి ఇంకా తేలిక. నర్మదకు దక్షిణాన సింహం బతికిన దాఖలా లేదు. బుద్ధుడు శాక్యసింహుడు గనుక సింహం ఇక్కడి రాతిలోకి వచ్చింది, అడవినుంచి కాదు. వెస్సంతరుని కథలో మద్దీదేవి ఆశ్రమానికి తిరిగి వస్తుంటే సింహం, పులి, చిరుత రూపాలలో దేవతలు దారికి అడ్డంగా నిలుస్తారు. ఆ మూటిలో రెండు నల్లమలలో నేటికీ ఉన్నాయి. మూడవది కథ వెంట నడిచి వచ్చింది.

నాకు శిల్పాలకన్నా విలువైనదిగా తోచే సాక్ష్యం మరొకటుంది. 1927-31 మధ్య నాగార్జునకొండలో తవ్వకాలు జరిపిన లాంగ్‌హర్స్ట్‌కు ఒక చిన్న స్తూపం లోపల ధాతువులకు బదులు జంతువుల ఎముకల కుప్ప దొరికింది. పరీక్షించి చూస్తే అవి ఎద్దువి, జింకవి, కుందేలువి. సింహం లేదు, ఏనుగు లేదు. బౌద్ధస్తూపంలో ఎముకలెందుకు పెట్టారన్నది పండితులు తర్కించుకోవలసిన విషయం. అతిథి ఆకలి తీర్చడానికి నిప్పులోకి దూకిన శశజాతకపు కుందేలును ఎరుగని భిక్షువులు కారు వారు. కారణమేదైనా, ఎవరూ చెక్కక, పొగడక మట్టిలో మిగిలిన ఆ కుందేలే ఆ లోయలో నిజంగా గెంతినది. చరిత్ర రాసేవాళ్ళం దానిని ఇంతవరకు పట్టించుకోలేదు. సింహాల ఛాయాచిత్రాలు మాత్రం ప్రతి పుస్తకానికీ అట్ట అవుతాయి.

ఇక ఆ మట్టి మనకు దొరకదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1954-60 తవ్వకాలలో బయటపడినవాటిలో ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించారు. 1967లో జలాశయం ప్రారంభమైంది. నీరు వద్దని పలనాటివాడెవడూ అనడు, నేనూ అనను. కాని కుడికాలువ కింద మెట్టబీళ్ళు మిరపచేలు, పత్తిచేలు అయినకొద్దీ ఇర్రికీ తోడేలుకూ నిలువనీడ తగ్గిందని నా అభిప్రాయం. జలాశయం మేలుచేసిన ప్రాణి ఏదైనా ఉంటే అది మొసలే కావచ్చు. మాచర్ల దగ్గర చంద్రవంకపై ఉన్న ఎత్తిపోతల వద్ద మొసళ్ళ పెంపకకేంద్రమే పెట్టారు. తొండం చుట్టిన శిల్పుల మకరానికి అసలు రూపం అక్కడ బండలపై నోరు తెరుచుకుని పడుకుంటుంది.

అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో పులుల పరిరక్షణ పథకంలో చేర్చారు. అప్పటి అయిదు జిల్లాలలో 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రంతోపాటు అదీ రెండుగా చీలింది, ఉత్తరపుటొడ్డు అమ్రాబాదు అయింది. జాతీయ లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పులులు 2018లో 48, 2022లో 63. పెరిగిన పులికి చోటు కావాలి. 2023 వేసవిలో దుర్గి, బొల్లాపల్లి వైపు పులులు తిరుగుతున్నాయని, ఒంటరిగా అడవిలోకి పోవద్దని అటవీశాఖవారు పల్లెలను హెచ్చరించారు. పశువులను మేపుకునేవారు అడవి అంచునుంచి మందలను వెనక్కి తోలుకొచ్చారు.