చిత్తమంటే తలరాత కాదు

నల్లమలకు పడమటనున్న ఆత్మకూరులో ఉపవాస ప్రార్థన ముగిసే వేళ చూడండి. పడని బోరు గురించో, కుదరని కూతురి పెళ్ళి గురించో మోకాళ్ళ మీద కూర్చుని అంతసేపూ మొరపెట్టుకున్న తల్లి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, లేచే ముందు ఒక్క మాటంటుంది: "నీ చిత్తం నాయనా." విత్తనాలు సిద్ధం చేసుకుని మోడం కోసం ఎదురుచూసే రైతు కూడా "ప్రభువు చిత్తమైతే ఈ వారం విత్తుతాం" అంటాడు. బయటివారికి ఇది తలరాతకు తలవంచడంలా తోస్తుంది. తెలుగు క్రైస్తవుల చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతుంది.

మాటలోనే మొదటి ఆధారం ఉంది. ఒకప్పుడు ఏలినవారి ముందు నిలబడినవాడు ఆజ్ఞ వినగానే "చిత్తం" అనేవాడు. విన్నాను, చేస్తాను అని దాని అర్థం. తెలుగు బైబిలు దేవుని సంకల్పానికి ఈ మాటనే తీసుకుంది. కాబట్టి "నీ చిత్తం" అన్నవాడు తన పని మానుకున్నవాడు కాడు, పనికి ఒప్పుకున్నవాడు.

ఇక చరిత్రలోని ఆధారాలు చూద్దాం. 1853 నాటికి నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషను మూతపడే స్థితిలో ఉంది. ఏళ్ళ తరబడి శ్రమించినా విశ్వాసులు కొద్దిమందే. కొనసాగించాలా వద్దా అని అమెరికాలో పెద్దలు తర్జనభర్జన పడ్డారు. 1854 జనవరి 1న, తెల్లవారకముందే, ఆ మిషనులో పనిచేస్తున్న లైమన్ జ్యువెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో ఒంగోలు పక్కనున్న కొండెక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడిగా జాన్ ఎవరెట్ క్లౌ వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ప్రార్థనకూ జవాబుకూ మధ్య పన్నెండేళ్ళు గడిచాయి. జ్యువెట్ మాత్రం మిషను పని వదల్లేదు.

క్లౌను ఒంగోలులో అగ్రవర్ణాల వారు మొదట స్నేహపూర్వకంగానే ఆదరించారు. పిల్లల్ని బడికి పంపారు. ఇంతలో తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు విశ్వాసంలోకి రాసాగారు. వీళ్ళను చేర్చుకుంటే మేం రామని అగ్రవర్ణాల పెద్దలు తేల్చిచెప్పారు. పై వర్గాలతో మొదలుపెడితే సంఘం నిలబడుతుందన్న ఆలోచన ఒకవైపు, గుమ్మంలో నిలబడ్డ పేదలు మరోవైపు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని ఆయనే రాసుకున్నారు. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం చిన్నచూపు చూసినవారిని దేవుడు ఎన్నుకోవడం గురించిన భాగం. ఆ దంపతులు తమ లెక్క పక్కనబెట్టి తలుపు తెరిచారు.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. ఆనాటి కర్నూలు జిల్లాలో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగాక కూడా జనం వెనక్కి పోలేదు. డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది క్లౌ వేసుకున్న ప్రణాళిక కాదు. కాలువ పనిలో గంపెత్తినవారు, ఒడ్డున నిలబడి అడిగినవారు తెచ్చిన మలుపు.

1882లో నల్లమలకు తూర్పున కంభంలోనూ అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రం వెలసింది. నల్లమలకు పడమట, ఆత్మకూరు వైపు, ముత్యాలపాడు, నంద్యాల కేంద్రాలుగా ఆంగ్లికన్లు పనిచేశారు. 1947లో వేర్వేరు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లు వెంటనే చేరలేదు. 1963లో నంద్యాల డయోసీస్ ఏర్పడింది, దక్షిణ ఇండియా సంఘంలో కలయిక ఆ తర్వాత జరిగింది. దేవుని చిత్తం ఏదో తెలుసుకోవడం ఒక్కపూటలో తేలే పని కాదనడానికి ఇదొక ఉదాహరణ.

ఇరవయ్యో శతాబ్దంలో "నీ చిత్తం" అనే ఈ ప్రార్థన తెలుగునేల సొంత రూపం తీసుకుంది. 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు, దేవుని సన్నిధిలో మౌనంగా "కనిపెట్టడం" నేర్పారు. అడగడం ఆపి వినడమే అందులో ముఖ్యం. ఇంజినీరింగ్ చదువుకని విదేశాలకు వెళ్ళిన భక్తసింగ్ 1933లో సువార్తికుడిగా తిరిగొచ్చి, 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే ప్రార్థన, ఆరాధనల కేంద్రాన్ని స్థాపించారు.

వీళ్ళెవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రార్థన నుంచి లేచి కాలువ తవ్వించారు, తలుపులు తెరిచారు, ఏళ్ళ తరబడి ఓపిక పట్టారు. అందుకే నా విన్నపం ఇది: జ్వరం వస్తే వైద్యుడి దగ్గరికి వెళ్ళకపోవడానికీ, కూతురి చదువు ఆపడానికీ "దేవుని చిత్తం" అన్న మాట వాడకండి. ఆ మాట అన్న మరుక్షణం, నా ముందున్న పనేదని అడగండి.