శిరస్సు నుంచి ఉరస్సుకు: తెలుగు శ్రవ్య మాధ్యమాల్లో స్వర పరీక్ష – సాత్త్విక వాచికం

వ్యాస సంగ్రహం: డబ్బింగు, ప్రకటన, శ్రవ్యపుస్తకం వంటి రంగాల్లో ప్రవేశానికి కళాకారులు సమర్పించే స్వర నమూనాల్లో భావం కృత్రిమంగా వినిపిస్తుందన్న విమర్శ తరచుగా ఎదురవుతోంది. ఈ సమస్య కొత్తది కాదు. రంగస్థలం నుంచి గ్రామఫోనుకు, అక్కడి నుంచి ఆకాశవాణికి, ఆపై డబ్బింగుకు సాగిన తెలుగు వాచికాభినయ చరిత్రలో దీని మూలాలున్నాయి. భరతుడు చెప్పిన సత్త్వం, స్థానం, కాకువు అనే మూడు భావనల ఆధారంగా ఆ చరిత్రను పరిశీలించి, స్వర నమూనాలో నిజమైన భావానికి ఆధారం కంఠబలం కాదని, సంబోధ్యుని ఎరుక అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వాచికాభినయం, సత్త్వం, కాకువు, శ్రవ్యనాటకం, స్వర పరీక్ష, డబ్బింగు.

1. ఉపోద్ఘాతం

స్వరమే జీవనోపాధిగా ఎంచుకున్నవారు మొదట సిద్ధం చేసుకోవలసింది స్వర నమూనా. వాడుకలో దీన్ని 'డెమో' అంటున్నారు. ఒకటి రెండు నిమిషాల్లో కోపం, దుఃఖం, వాత్సల్యం, హాస్యం ఒకదాని వెంట ఒకటి వినిపించాలి. వినేవారికి కథ తెలియదు, పాత్ర తెలియదు, మాట్లాడే మనిషి ముఖం కనబడదు. చదివేవారికి ఎదుట మరో నటుడు ఉండడు. ఇన్ని ఆధారాలు తొలగిన తరువాత కూడా భావం నిజంగా పలకాలని కోరడం సమంజసమేనా?

ఈ ప్రశ్న ఈ వ్యాసకర్తకు ఒక స్వర పరీక్షలోనే ఎదురైంది. తల్లి మరణాన్ని తెలిపే నాలుగు వాక్యాలను గొంతు వణికిస్తూ చదివిన తరువాత, అద్దానికి అవతల నుంచి ఒకే ఒక ప్రశ్న వచ్చింది: "ఇది ఎవరితో చెబుతున్నారు?" సమాధానం లేకపోయింది. వాక్యాల్లోని దుఃఖాన్ని గుర్తించడం జరిగింది గాని, వాటిని వినే మనిషిని ఊహించడం జరగలేదు. ఆ ప్రశ్నకు శాస్త్రంలోనూ చరిత్రలోనూ ఉన్న సమాధానాన్ని వెదకడమే ఈ వ్యాసం.

2. సత్త్వం, స్థానం, కాకువు

ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలని అభినయం నాలుగు విధాలు. శ్రవ్య మాధ్యమంలో ఆంగిక, ఆహార్యాలకు తావు లేదు. సాత్త్వికం సంగతి ఆలోచించదగినది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఎనిమిది సాత్త్విక భావాల్లో నేరుగా చెవికి అందేది స్వరభేదం ఒక్కటే. కంపం, కన్నీరు కూడా శ్రోతకు గొంతు ద్వారానే తెలియాలి. కనుక మైకు ముందు నిలిచిన నటునికి సాత్త్వికం మొత్తం వాచికంలోనే ఇమడవలసి ఉంటుంది.

సత్త్వం మనసు నుంచి పుట్టేదనీ, మనసు ఏకాగ్రమైనప్పుడే అది సిద్ధిస్తుందనీ నాట్యశాస్త్రం చెబుతుంది. దుఃఖితుడు కానివాడు కన్నీటిని ఎలా చూపగలడన్న ప్రశ్న అక్కడే ఉంది. అయితే నటుడు తన సొంత దుఃఖాన్ని తవ్వి తీయాలని భరతుడు చెప్పలేదు. సమాహితమైన మనసు కావాలన్నాడు. ఈ భేదం ముఖ్యం. 'నిజమైన భావం' అంటే స్వీయ జ్ఞాపకాన్ని ప్రదర్శించడమని నేడు చాలామంది అభ్యాసకులు భావిస్తున్నారు. శాస్త్రదృష్టిలో అది పాత్ర పరిస్థితిపై నిలిచిన అవధానం.

పాఠ్యగుణాల ప్రకరణంలో ఉరస్సు, కంఠం, శిరస్సు అనే మూడు స్థానాల ప్రస్తావన ఉంది. దూరాన ఉన్నవారితో మాట్లాడేటప్పుడు శిరస్సు, అంత దూరం కానివారితో కంఠం, పక్కనున్నవారితో ఉరస్సు ఆధారమవుతాయి. అంటే స్వరస్థానాన్ని నిర్ణయించేది మాట్లాడేవానికీ వినేవానికీ మధ్య ఉన్న దూరం. ఇక కాకువు సాకాంక్షం, నిరాకాంక్షం అని రెండు విధాలు. అర్థం ఇంకా పూర్తికాని వాక్యం ఒక తీరుగా, పూర్తయిన వాక్యం మరో తీరుగా పలుకుతుంది. శ్రవ్య మాధ్యమ చరిత్రను చదవడానికి ఈ రెండు భావనలూ తాళపుచెవుల వంటివి.

3. రంగస్థలం, గ్రామఫోను: శిరఃస్థాన వాచికం

ధ్వనివర్ధకాలు లేని కాలంలో తెలుగు నాటకం వేలాది ప్రేక్షకుల ఎదుట నడిచింది. చివరి వరుసలో కూర్చున్నవారికి వినబడటం నటుని ప్రథమ ధర్మం. ఆ అవసరానికి పద్యం గొప్ప వాహిక అయింది. రాగాలాపన, తారస్థాయి, 'వన్స్‌మోర్' కేకలు కలిసి వాచికాన్ని గానం వైపు నడిపించాయి. నటుడు ఎదుటి పాత్రతో మాట్లాడుతున్నా అతని స్వరం దూరంగా ఉన్న సభను ఉద్దేశించేది. దాన్ని లోపంగా చూడడం అన్యాయం. అది ఆ వేదిక కోరిన ధర్మం. అయినా ఆ ధోరణిని లోపలి నుంచే ప్రశ్నించినవాడు బళ్ళారి రాఘవ (1880–1946). పద్యాన్ని సంగీత కచేరీగా మార్చడాన్ని నిరసించి, సంభాషణకూ సహజ వాచికానికీ ఆయన పెద్దపీట వేశాడు.

తొలినాటి గ్రామఫోను ఈ శిరఃస్థాన వాచికాన్ని మరింత బిగించింది. 1925కు పూర్వపు యాంత్రిక ముద్రణలో మైకు లేదు. పెద్ద కొమ్ము ముందు ముఖం ఉంచి బిగ్గరగా పాడవలసి వచ్చేది. మెల్లని స్వరం మైనపు పలక మీద గీతగా పడేది కాదు. విద్యుత్ ముద్రణ వచ్చాక ఈ ఇబ్బంది తగ్గినా, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాలే పట్టేది. నాటకాల సెట్లు ప్రచారంలోకి వచ్చినప్పుడు రంగస్థల ఘట్టాలు ఈ మూడు నిమిషాల ముక్కలుగా విడిపోయాయి. భావం నెమ్మదిగా పెరిగే అవకాశం లేక మొదటి పలుకులోనే శిఖరానికి చేరవలసి వచ్చింది. నేటి డెమోలో వినవచ్చే తొందరపాటుకు ఇది పూర్వరూపం.

4. ఆకాశవాణి: ఉరఃస్థానం వైపు

మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో ప్రారంభమయ్యాయి. హైదరాబాదు కేంద్రం 1950లో ఆకాశవాణిలో భాగమైంది. ఈ పన్నెండేళ్ళ కాలం తెలుగు వాచికంలో నిర్ణాయకమైన మలుపు. రేడియో శ్రోతలు లక్షల్లో ఉన్నా ప్రతి శ్రోతా తన ఇంట్లో, పెట్టెకు రెండు మూడు అడుగుల దూరంలో కూర్చుని వింటాడు. సంఖ్యలో అది మహాసభ, దూరంలో ఆంతరంగిక సంభాషణ. రంగస్థలం మీద శిరస్సు నుంచి వెలువడిన స్వరం ఇక్కడ ఉరస్సుకు దిగవలసి వచ్చింది.

మైకు స్వభావం కూడా దీనికి తోడ్పడింది. రిబ్బను మైకుకు దగ్గరగా మాట్లాడినకొద్దీ మంద్రధ్వనులు గాఢమవుతాయి. ఊపిరి, పెదవి తడి, మింగిన మాట, అన్నీ వినబడతాయి. భ, ఫ, ఘ వంటి మహాప్రాణాలను వేదిక మీద పలికినంత బలంగా పలికితే మైకు దెబ్బతిన్న శబ్దం వస్తుంది. దూరాన్ని సూచించడానికి గొంతు పెంచనక్కరలేదు. ముఖం పక్కకు తిప్పినా, అడుగు వెనక్కి వేసినా చాలు. మంద్రాలంకారాన్ని నిర్వేదం, చింత, దైన్యం వంటి భావాలకు భరతుడు విధించాడు. వేదిక మీద వినబడక వెనుకబడిన ఆ మంద్రానికి రేడియో మళ్ళీ ప్రాణం పోసింది.

రంగస్థలంపై బిల్వమంగళుడిగా ఖ్యాతి పొందిన బందా కనకలింగేశ్వరరావు వంటి నటులు విజయవాడ కేంద్రంలో నాటక ప్రయోక్తలుగా పనిచేయడం ఈ పరిణామంలో గమనించదగిన అంశం. పాత వాచికాన్ని ఆసాంతం ఎరిగినవారే కొత్త వాచికానికి గురువులయ్యారు. బుచ్చిబాబు, దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి రచయితలు ఆకాశవాణిలో పనిచేస్తూ చెవికోసం రచించారు. చలం 'పురూరవ'లో ఊర్వశికి శారదా శ్రీనివాసన్ ఇచ్చిన స్వరం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ప్రధానంగా ఇద్దరి సంభాషణగా సాగే ఆ రచనలో ఊర్వశి మాటలు ఎదుట ఉన్న ఒకే ఒక వ్యక్తి కోసం పుట్టినట్లు వినిపిస్తాయి. శ్రోత ఆ సంభాషణను చాటున విన్నవాడవుతాడు. ఆ సాన్నిహిత్యమే భావాన్ని నమ్మించింది.

ఆకాశవాణి నాటక విభాగానికి కళాకారులను ఎంపిక చేసే స్వర పరీక్ష కూడా స్థూలంగా నేటి డెమో వంటిదే. అభ్యర్థి స్టూడియోలో భిన్న భావాల భాగాలు చదవాలి. ఉత్తీర్ణులకు బి, బి-హై, ఏ, టాప్ అనే శ్రేణులు ఉన్నాయి. అయితే ఒక తేడా ఉంది. ఎంపికైన కళాకారునికి ఆ తరువాత ప్రయోక్త, సహనటులు, రిహార్సలు ఉండేవి. పరీక్ష ప్రవేశద్వారం మాత్రమే. శిక్షణ లోపల జరిగేది. నేటి డెమోకు వెనుక అటువంటి సంస్థాగత ఆశ్రయం చాలామందికి లేదు. ఇంటి గదిలో ఒంటరిగా ముద్రించి పంపే యువకళాకారునికి ప్రయోక్తా తానే, శ్రోతా తానే.

5. తెలుగు వాక్యంలో భావస్థానాలు

నిజమైన భావం ఎక్కడ నిలుస్తుందో తెలియాలంటే తెలుగు వాక్యనిర్మాణాన్ని కూడా గమనించాలి. ఈ వ్యాసకర్త పరీక్షలో తడబడిన వాక్యాన్ని పోలిన ఒక వాక్యాన్ని తీసుకుందాం: "అమ్మ పొద్దున్నే పోయింది." ఇందులో 'పోయింది' అంటే వెళ్ళిందనీ కావచ్చు, మరణించిందనీ కావచ్చు. అర్థాన్ని తేల్చేది స్వరమే. క్రియ చివర రావడం తెలుగు స్వభావం. కనుక 'పోయింది' వరకు వాక్యం సాకాంక్షం. డెమో చదివేవారు సాధారణంగా 'అమ్మ' దగ్గరే గొంతు వణికిస్తారు. అప్పుడు క్రియ చేరేసరికి శ్రోతకు తెలియవలసినదేమీ మిగలదు. కబురు చెప్పే మనిషి అలా మాట్లాడడు. 'అమ్మ పొద్దున్నే' అన్నంతవరకు మాట మామూలుగా నడుస్తుంది. ఆ తరువాతి మాట నోటికి రావడమే కష్టం. దుఃఖం క్రియకు ముందున్న ఆ చిన్న విరామంలో ఉంటుంది.

ఇదే వాక్యం అన్నయ్యకు ఫోనులో చెప్పడం వేరు, పొరుగింటివారికి చెప్పడం వేరు. అన్నయ్యకు చెప్పేటప్పుడు అతనూ కూలిపోతాడన్న భయం మాటను ఆపుతుంది. పొరుగువారికి చెప్పేటప్పుడు మర్యాద మాటను నిలబెడుతుంది. పైవాళ్ళు ఇదే సంగతిని "మీ అమ్మగారు కాలం చేశారట" అంటారు. క్రియాపదం మారడంతోనే బంధుత్వం, గౌరవం, దూరం తెలిసిపోతాయి. 'ఎవరితో' అన్నది తేలకుండా 'ఎలా' అన్నది తేలదు.

మరొక అంశం అవధారణార్థక ప్రత్యయాలు. "నువ్వే చెప్పావు", "నువ్వూ చెప్పావా", "నువ్వా చెప్పింది" అనే వాక్యాల్లో ఏ, ఊ, ఆ అనే అచ్చులు నిందను, ఆశ్చర్యాన్ని, అపనమ్మకాన్ని ముందే మోస్తున్నాయి. వాటి మీద స్వరాన్ని మళ్ళీ ఎత్తితే భావం రెట్టింపు కాదు, నటన బయటపడుతుంది. మన పదాలు అజంతాలు కావడం వల్ల చివరి అచ్చు సాగదీయడానికి అనువుగా ఉంటుంది. పద్యనాటకం ఆ అవకాశాన్ని సమృద్ధిగా వాడుకుంది. మైకు ముందు అదే అచ్చును పొదుపుగా వాడటం, కొన్నిచోట్ల ఊపిరిగా విడిచిపెట్టడం భావాన్ని నిలుపుతుంది.

6. డబ్బింగు, డెమో

తెలుగులో తొలి డబ్బింగు చిత్రం 'ఆహుతి' (1950). హిందీ మూలానికి మాటలు, పాటలు రాసినవాడు శ్రీశ్రీ. డబ్బింగులో స్వరకళాకారునికి రేడియోలో లేని ఆధారం ఒకటి దొరికింది. తెర మీద ముఖం ఉంది, ఎదుటి పాత్ర ఉంది. అదే సమయంలో కొత్త బంధనమూ వచ్చింది. మరొకరి పెదవుల కదలికకు, మరొకరి ఊపిరికి తన స్వరాన్ని అమర్చాలి. అచ్చుతో ముగిసే తెలుగు మాటను హల్లుతో మూసుకునే పెదవికి అతికించడం రచయితకే కాదు, స్వరానికీ పరీక్షే. ఈ కళకు నంది పురస్కారాల్లో ప్రత్యేక స్థానం లభించడం వాచికాభినయానికి దక్కిన ఆలస్యపు గౌరవం.

డెమోలో డబ్బింగు ఇచ్చే ముఖమూ లేదు, రేడియో ఇచ్చే సహనటుడూ లేడు. గ్రామఫోను నాటి తక్కువ నిడివి మాత్రం ఉంది. కనుకనే అక్కడ చాలామంది శిరఃస్థానానికి తిరిగి వెళ్తారు. ఎదుట మనిషి లేనప్పుడు నిర్ణేతే సంబోధ్యుడవుతాడు. 'నా దుఃఖం చూడండి' అని స్వరం అతనికి చెప్పుకుంటుంది. కృత్రిమత అంటే ఇదే. దీనికి చికిత్స కూడా స్పష్టమే. ప్రతి భాగానికీ ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: వినేది ఎవరు, ఎంత దూరంలో ఉన్నారు, ఈ మాటకు ముందు వారు ఏమన్నారు. మూడవది మరీ ముఖ్యం. ప్రతి సంభాషణా ఏదో ఒక మాటకు బదులు. వినని మాటకు బదులు చెప్పడం వల్లనే చదువుడు ధోరణి వస్తుంది. ఎదుటివారి మాటను మనసులో విని, ఆ తరువాత నోరు విప్పితే భరతుడు కోరిన మనఃసమాధి దానంతట అదే కుదురుతుంది.

7. ముగింపు

తెలుగు వాచికాభినయం గడచిన శతాబ్దంలో సభ నుంచి వ్యక్తికి, శిరస్సు నుంచి ఉరస్సుకు ప్రయాణించింది. స్వర నమూనాలో భావం నిజంగా పలకడమంటే ఆ ప్రయాణాన్ని ప్రతి కళాకారుడూ రెండు నిమిషాల్లో తిరిగి చేయడం. కంఠబలం, స్వరమాధుర్యం అందుకు సాయపడగలవు, ప్రత్యామ్నాయం కాలేవు.

మన శాఖల్లో నాటక పరిశోధన ముద్రిత పాఠం మీద, రంగస్థలం మీద ఎక్కువగా నిలిచింది. వినిపించి మాయమయ్యే స్వరాన్ని సాహిత్యాధారంగా చూడటం ఇంకా అలవాటు కావాలి. శ్రవ్యనాటకాల ముద్రణలను పాఠాల వలె వినడం, వాటిలోని విరామాలను, స్థానాలను, కాకువులను గుర్తించి నమోదు చేయడం తెలుగు పరిశోధకులు చేపట్టవలసిన పని. టేపు మీది మాట అరిగిపోతే 'పోయింది' అన్న క్రియ మిగులుతుంది. దానికి ముందు ఒక నటి ఎంతసేపు ఆగిందో మిగలదు. భావం ఉన్నది ఆ ఆగడంలోనే.